అప్‌డేట్: బాబుకి చైనీస్ మూలికల పొడి ఇవ్వడం గురించి

మా 4 ఏళ్ల బాబుకి మాటిమాటికీ జలుబు, దగ్గు వస్తున్నాయని, ఇక్కడ సింగపూర్‌లో పక్కింటావిడ చెప్పిన యూ పింగ్ ఫెంగ్ సాన్ పొడి వాడొచ్చా అని అడిగాను కదా. రిజిస్టరైన చైనీస్ వైద్యురాలిని కలిశాం. అందులో హువాంగ్ చీ, బై జూ, ఫాంగ్ ఫెంగ్ అని మూడు మూలికలుంటాయట. పిల్లాడు బాగున్నప్పుడే ఇవ్వాలి, జ్వరం ఉంటే వద్దని ఆవిడే గట్టిగా చెప్పారు. ఆ మాట నాకు నచ్చింది.

పిల్లల డాక్టరేమో ఈ వయసులో ఏడాదికి 6 నుంచి 8 జలుబులు మామూలేనన్నారు. ఈ పొడిపై జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవేనట, నాణ్యత కూడా అంతంతమాత్రమేనట. సగం టెన్షన్ తగ్గింది. ప్రస్తుతానికి పొడి మొదలుపెట్టలేదు, ఫ్లూ టీకా వేయించాం.

ఎవరైనా చైనీస్ దగ్గు మందులు ఇస్తుంటే దయచేసి ప్యాకెట్ మీద పదార్థాలన్నీ చదవండి. మాహువాంగ్ అనే మూలిక ఉంటే, అందులోని ఎఫెడ్రిన్ అనే పదార్థం గుండె వేగాన్ని పెంచుతుంది.