స్టాప్ నాబ్ లాగినా డీజిల్ ఇంజిన్ ఆగడం లేదు, కేబుల్ పట్టేసింది (తెరచాప పడవ, చెన్నై)

ఉప్పుగాలి:
అందరికీ నమస్కారం. 28 అడుగుల తెరచాప పడవ, చెన్నై పోర్టు లోపలి బేసిన్‌లో ఉంటుంది. ఇంజిన్ రెండు సిలిండర్ల మెరైన్ డీజిల్. తాళం తిప్పితే ఆగే రకం కాదు, కాక్‌పిట్‌లో (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోట) కాళ్ల దగ్గరున్న T ఆకారపు నాబ్ లాగితేనే ఆగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో పడవ కదల్లేదు. ఇప్పుడు నాబ్ 1 సెంటీమీటరు వచ్చి బిగుసుకుపోతోంది. ఇంతకుముందు 5 సెంటీమీటర్లు వచ్చేది.

ఇంజిన్ దగ్గర కేబుల్ విప్పేసి స్టాప్ లివర్‌ని (ఇంజిన్‌కి డీజిల్ ఆపే మీటని) వేలితో తోస్తే ఇంజిన్ వెంటనే ఆగుతోంది, వదిలితే లివర్ స్ప్రింగుతో వెనక్కి వస్తోంది. కేబుల్ దాదాపు రెండున్నర మీటర్లు. పై తొడుగు మీద నాకు పగుళ్లేమీ కనబడలేదు. దీన్ని వదులు చేసి వాడుకోవచ్చా, మార్చాల్సిందేనా? అందాకా ఇంజిన్‌ని ఎలా ఆపుకోవాలి?

పానా:
ఉప్పుగాలి గారూ, కేబుల్ విప్పి లివర్‌ని విడిగా చూడటం మంచి పని. సగం తేలిపోయింది. డీజిల్ పంపు, గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే భాగం) వైపు తప్పేమీ లేదు, లోపం కేబుల్‌లోనే ఉంది.

ముందు మీ చివరి ప్రశ్న. కేబుల్ విప్పే ఉంచండి. 4 మిల్లీమీటర్ల సన్నతాడు ఒకటి స్టాప్ లివర్ కన్నానికి కట్టి, లివర్ ఏ దిక్కుకు జరిగితే ఇంజిన్ ఆగుతుందో ఆ దిక్కుకే లాగేలా నడిపి, చివర మెట్ల దగ్గరికి తెచ్చి ముడి వేసుకోండి. లాగితే ఆగుతుంది, వదిలితే స్ప్రింగే లివర్‌ని రన్ (ఇంజిన్ నడిచే) స్థానానికి తెస్తుంది. తాడు ఆల్టర్నేటర్ బెల్టుకు, ఫ్లైవీలుకు ఆమడ దూరంలో ఉండాలి. వదులుగా వేలాడే తాడు బెల్టులో పడితే మీ చేతిని కూడా లాక్కుపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా మూత తీసి వేలితో నొక్కే అలవాటు అసలు పెట్టుకోవద్దు.

థ్రాటిల్ (వేగం పెంచే, తగ్గించే) లివర్‌ని చూసి అదే స్టాప్ లివర్ అనుకోకండి. చాలా ఇంజిన్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. థ్రాటిల్ లివర్‌కి అటూ ఇటూ లాక్‌నట్‌తో బిగించిన స్క్రూలు ఉంటాయి, సీలు వైరు కూడా ఉండొచ్చు. వాటిని ముట్టుకుంటే గరిష్ఠ వేగం సెట్టింగు పోతుంది.

చేయకూడనివి కూడా చెప్పాలి. ఇంజిన్ ఆగలేదు కదా అని బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపేయకండి. ఆల్టర్నేటర్ ఛార్జి చేస్తుండగా బ్యాటరీని తప్పిస్తే డయోడ్లు కాలిపోతాయి, ఇంజిన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. డీకంప్రెషన్ లివర్ (సిలిండర్లోని ఒత్తిడిని వదిలేసే మీట) ఎత్తి ఆపడమూ వద్దు. కాలని డీజిల్ సిలిండర్లో నిలిచి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు దెబ్బ కొడుతుంది. డీజిల్ కాక్ కట్టేస్తే ఆగుతుంది కానీ లైన్లో మిగిలింది అయిపోయేదాకా నిమిషాలు పడుతుంది, తర్వాత ఫిల్టరు, పంపు, ఇంజెక్టరు నట్ల దగ్గర వరసగా గాలి తీయాలి. ఏ దారీ లేకపోతే గాలి పీల్చే నోటికి చదునైన చెక్క అడ్డం పెట్టండి. చెయ్యి పెట్టకండి, గుడ్డ అసలే వద్దు, లోపలికి పీల్చేస్తుంది.

చుక్కాని:
కేబుల్ సంగతికి వస్తాను. దాన్ని తిట్టేముందు ఒక్క పరీక్ష. కేబుల్‌ని మళ్లీ లివర్‌కి తగిలించి, పైన ఒకరు నాబ్ లాగుతుండగా కింద టార్చి వేసి చూడండి. పై తొడుగు ముందుకూ వెనక్కూ కదులుతుంటే ఇంజిన్ మీద దాన్ని పట్టే క్లాంపు వదిలేసిందన్నమాట. తొడుగు కదిలితే లోపలి తీగ లాగుడంతా దానికే పోతుంది, చూసేవాళ్లకి కేబుల్ బిగిసినట్టే అనిపిస్తుంది. 10 రూపాయల స్క్రూ బిగిస్తే పోయేదానికి కేబుల్ మార్చినవాళ్లు ఎంతమందో.

తొడుగు కదలకుండా తీగ రాకపోతే లోపల తుప్పే. నాబ్ కాళ్ల దగ్గర ఉందన్నారు, కారణం అక్కడే ఉంది. వాననీళ్లు, అలల జల్లు నాబ్ కాడ వెంట తొడుగులోకి దిగుతాయి. కేబుల్ ఇంజిన్ దాకా ఏటవాలుగా పోతుంది కాబట్టి మధ్యలో వేలాడే వంపు దగ్గర నీళ్లు నిలుస్తాయి. ఉక్కు తీగా, తొడుగులోని ఉక్కు చుట్టా రెండూ తుప్పు పడతాయి. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే కాస్త తుప్పుకే తీగ కదలకుండా బిగిసిపోతుంది.

వదులు చేసే పద్ధతి: రెండు చివరలూ విప్పండి. నాబ్ చివరని ఎత్తుగా కట్టి, తొడుగు మూతికి చిన్న పాలిథిన్ సంచి మూలని గరాటులా పెట్టి ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టండి. అందులో డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలే నూనె 10 మిల్లీలీటర్లు పోసి రాత్రంతా వదిలేయండి. అడుగున డబ్బా పెట్టండి, లేకపోతే నూనె బిల్జ్‌లో (పడవ అడుగున నీళ్లు చేరే చోట) పడుతుంది. మర్నాడు ఇంజిన్ వైపు తీగని, తొడుగుకి దగ్గరగా, వైస్‌గ్రిప్ పట్టకారుతో పట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పండి. ఒకే గట్టి తీగ ఉన్న కేబుల్ లాగుడు కంటే మెలికకే త్వరగా వదులుతుంది. తర్వాత కింది నుంచి లాగండి, పైనుంచి నాబ్‌తో లాగకండి. నాబ్ తీగకి నొక్కి బిగించి ఉంటుంది, అతి బలానికి ఊడి చేతికొస్తే ఇంక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తోయడమూ వద్దు, సన్నతీగ వంగిపోతుంది, వంగిన తీగ ఎప్పటికీ సాఫీగా నడవదు.

కింద ఎర్రనీళ్లు వస్తే మళ్లీ నూనె పోయండి. తేటగా వచ్చేదాకా చేసి, ఆపైన కుట్టుమిషన్ నూనెలాంటి పల్చటి నూనె పోయండి. లోపల నైలాన్ లేదా టెఫ్లాన్ పూత ఉన్న కేబుల్ అయితే పెట్రోలు, అసిటోన్, థిన్నర్ ఏవీ పోయకండి. పైగా అవి పడవ లోపల ఆవిరైతే అంటుకోవడానికి అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆటుపోటు:
కేబుల్ విప్పకముందు సంగతి ఒకటి. నాబ్ 1 సెంటీమీటరు బయటికి వచ్చి వెనక్కి పోకపోతే స్టాప్ లివర్ సగం లాగి ఉండిపోతుంది. అప్పుడు స్టార్టరు తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అంటుకోదు. బ్యాటరీ అనో డీజిల్ అనో తిప్పుతూ పోతే, ఇంజిన్‌ని చల్లబరిచే సముద్రపు నీళ్ల పంపు ప్రతిసారీ పొగ దారిలోని మఫ్లర్‌లోకి నీళ్లు తోస్తూనే ఉంటుంది. వాటిని బయటికి తోయడానికి పొగ ఒత్తిడి లేదు కాబట్టి మఫ్లర్ నిండి నీళ్లు సిలిండర్లోకి వెనక్కి వస్తాయి. స్టార్ట్ కాకపోతే ముందు స్టాప్ లివర్ చూడండి. ఇంకా తిప్పాల్సొస్తే సీకాక్ (సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే వాల్వు) కట్టేసి తిప్పండి, ఇంజిన్ అంటుకున్న వెంటనే తెరవండి. ఆలస్యమైతే నీళ్లు లేక పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీళ్లు తోసే రెక్కల చక్రం) పోతుంది.

ఉప్పుగాలి:
క్లాంపు గట్టిగానే ఉంది, తొడుగు కదలడం లేదు. రెండు రాత్రులు నూనె పోశాను, ఎర్రనీళ్లు ఆగాయి. ఇప్పుడు తీగ పూర్తిగా వస్తోంది కానీ 3 సెంటీమీటర్ల దగ్గర ప్రతిసారీ గరగరమంటోంది. మధ్యవంపు దగ్గర తొడుగు తడిమితే కొంచెం ఉబ్బినట్టుంది. గ్రీజు పెడితే సరిపోతుందా?

చుక్కాని:
ఉబ్బిందంటే మార్చండి. ఆ చోట తొడుగులోని ఉక్కుచుట్ట తుప్పుతో విచ్చుకుంది. నూనె దాన్ని తిరిగి మూయదు. ఇప్పటికి నడిచినా వచ్చే వానాకాలానికి మళ్లీ పట్టేస్తుంది, అదీ హార్బర్ ముఖద్వారంలో పడితే ఇబ్బంది. గ్రీజు వద్దు. చిక్కటి గ్రీజు ఉప్పునీ, ధూళినీ పట్టుకుని ముద్ద కడుతుంది.

పానా:
కొనేటప్పుడు పొడవు ఈ చివర కొస నుంచి ఆ చివర కొస దాకా కొలవండి. పాత కేబుల్‌ని పీకేముందు, అది వెళ్లిన దారి వెంటే తాడుతో కొలవడం ఉత్తమం. పొట్టిదైతే వంపులు బిగుస్తాయి, మరీ పొడుగైతే మళ్లీ నీళ్లు నిలిచే వేలాడు వస్తుంది. వంపు వ్యాసార్ధం 8 అంగుళాలకు తగ్గనివ్వకండి. పొగ గొట్టానికి దూరంగా నడపండి, వేడికి పై ప్లాస్టిక్ పగిలితే నీళ్లకు ఇంకో దారి దొరికినట్టే.

మెరైన్ కేబుల్ వచ్చేలోగా చెన్నైలో బండ్ల విడిభాగాలు అమ్మే జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో పుదుప్పేటలోనో ట్రాక్టరు స్టాప్ కేబుల్ దొరుకుతుంది, అదీ లాగి ఆపే రకమే. మామూలు ఉక్కు తీగ కాబట్టి తాత్కాలికానికే వాడండి. లోపలి తీగ స్టెయిన్‌లెస్ ఉన్నది వచ్చాక తీసేయండి.

బిగించేటప్పుడు పాతదాని చివరకి సన్నతాడు కట్టి పాతదాన్ని లాగేయండి, ఆ తాడుకి కొత్తదాన్ని కట్టి లాగితే అదే దారిలో వస్తుంది. నాబ్ పూర్తిగా లోపలికి తోసి, లివర్ రన్ స్థానంలో ఉండగా తీగలో 2, 3 మిల్లీమీటర్ల వదులు ఉంచి బిగించండి. ఆ వదులు లేకపోతే లివర్ కొద్దిగా లాగి ఉండి, ఇంజిన్‌కి డీజిల్ తక్కువ అంది పూర్తి బలం రాదు. నాబ్ పూర్తిగా లాగినప్పుడు లివర్ చివరిదాకా పోయి ఆనాలి. తీగ పట్టే పిన్నుకి కొత్త స్ప్లిట్ పిన్ వేయండి, పాతదాన్ని చక్కదిద్ది వాడొద్దు.

నాబ్ వీలైతే పైకి, జల్లు తగలని గోడకి మార్చండి. కుదరకపోతే కాడ మీద రబ్బరు బెల్లో (మడతల తొడుగు) తొడగండి. అన్నీ అయ్యాక తాళం ఆన్‌లోనే ఉంచి నాబ్ లాగండి. ఇంజిన్ ఆగాలి, ఆయిల్ ఒత్తిడి బజర్ మోగాలి, అప్పుడు తాళం తిప్పాలి. తర్వాత నాబ్ తోసి, కింద లివర్ రన్ స్థానానికి పూర్తిగా వచ్చిందో లేదో కళ్లతో చూసి మూత పెట్టండి.