పాహోం మొదటి భూమి కొన్నప్పుడే తప్పు చేశాడా?

కౌలురైతు కూతురు:
టాల్‌స్టాయ్ 1886లో రాసిన ‘మనిషికి ఎంత భూమి కావాలి’ కథని మొన్న రాత్రి నాన్నకి చదివి వినిపించాను. అందులో పాహోం అనే రైతు భూమి మీద భూమి కొంటూ పోయి, చివరికి ఇంకా ఎక్కువ నేల కోసం నడిచి నడిచి ప్రాణం పోగొట్టుకుంటాడు. మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న 22 ఏళ్లుగా కౌలుకే వరి వేస్తున్నారు, సెంటు సొంత భూమి లేదు. కథ అయ్యాక, “భూమి కావాలనుకున్నందుకు వాణ్ణి చంపేశాడేంటమ్మా?” అన్నారు. నాకు జవాబు తోచలేదు.

కథ చివర్లో, గడ్డి మైదానాల్లో పశువులు మేపుకునే బష్కీర్లనే జాతివాళ్ల దగ్గర వెయ్యి రూబుళ్లిస్తే పొద్దుపొడుపు నుంచి పొద్దుగుంకేలోగా ఎంత చుట్టి వస్తే అంత నేల. పాహోం ఎండకి అలిసిపోయి వెనక్కి మళ్లబోతూ తేమ ఉన్న పల్లం ఒకటి చూస్తాడు. అవిసె బాగా పండుతుందని దాన్నీ కలుపుకుంటాడు. అలాంటి పల్లాన్ని చూసి వదిలే రైతు ఎవరు? నాన్న కూడా వదలరు. దాన్ని అత్యాశ అనడానికి నాకు నోరు రావడం లేదు.

మా ఊళ్లో ఇప్పుడు అర ఎకరం అమ్మకానికి వచ్చింది. డబ్బు చాలదు. తమ్ముడు డిగ్రీ ఆపేసి పనికి పోతానంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్. అందుకే అడుగుతున్నాను, ఈ కథలో అత్యాశ ఎక్కడ మొదలైంది?

రిటైర్డ్ మాస్టారు:
అమ్మాయ్, చివరి నడకని పక్కన పెట్టి కథలో రెండో, మూడో భాగాలు మళ్లీ చదువు. మొదట్లో పక్క ఎస్టేటు పెత్తందారు పాహోంని జరిమానాలతో పీడిస్తాడు. గుర్రం చేలో పడినా జరిమానా, ఆవు తోటలోకి పోయినా జరిమానా. ఆ కోపం పాహోం ఇంట్లోవాళ్ల మీద చూపించేవాడు. తర్వాత తనే 40 ఎకరాలు కొన్నాడు. పంట పండింది, అప్పు తీరింది. తన పొలంలో గడ్డీ పూలూ కూడా వేరుగా కనిపించాయి. ఆ సంతోషాన్ని టాల్‌స్టాయ్ ఎక్కడా వెక్కిరించలేదమ్మా.

ఆ తర్వాత ఊరి పశువులు అతని చేలో పడ్డాయి. కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. వాళ్లకి మేపుకోవడానికి చోటు లేకే అలా జరుగుతోందని తెలుసు, అయినా కోర్టుకెక్కి జరిమానాలు వేయించాడు. నిన్న తను తిట్టుకున్న పెత్తందారు పనే ఇవాళ తను చేశాడు. నా మటుకు పాహోం పోయింది అక్కడే.

కరీంనగర్ చదువరి:
అక్కా, నన్ను బాధపెట్టేది ఇంకా ముందే ఉంది. ఆ పక్క ఎస్టేటు అమ్మకానికి వచ్చినప్పుడు ఊరంతా కలిసి కొందామనుకున్నారు. రెండుసార్లు కూర్చున్నారు, మాట కుదరలేదు. ఎవరికి వారే కొన్నారు. కలిసి కొని ఉంటే పశువులకీ చోటుండేది కదా!

తర్వాత పాహోంకి వోల్గా నది అవతల 125 ఎకరాలు దొరికితే, అలవాటయ్యాక అదీ ఇరుకైంది. 1,500 రూబుళ్లకి 1,300 ఎకరాల బేరం దాదాపు కుదిరాక కూడా, దారినపోయే వర్తకుడి మాట విని బష్కీర్ల దగ్గరికి బయల్దేరాడు. మీ నాన్నగారి అర ఎకరాన్ని దీంతో పోల్చకండి.

కౌలురైతు కూతురు:
మాస్టారూ, మీరు చెప్పిన భాగాలు రాత్రి మళ్లీ చదివి వినిపించాను. 40 ఎకరాలకి డబ్బు కోసం పాహోం గుర్రప్పిల్లని, సగం తేనెటీగల్ని అమ్మాడు. ఒక కొడుకుని జీతానికి పెట్టి ఆ జీతం ముందే తీసుకున్నాడు. నాన్న అక్కడ ఆపమన్నారు. “ఆ పిల్లాడు తిరిగి ఇంటికొచ్చాడా?” అని అడిగారు. వెతికాను. తర్వాత ఒకచోట కొడుకుల వాటా అని వస్తుంది గానీ, ఆ పిల్లాడు తిరిగొచ్చిన మాట లేదు. అదే చెప్పాను.

పొద్దున్నే తమ్ముణ్ణి కాలేజీకి నాన్నే బండి మీద దింపి వచ్చారు.