ఏడేళ్లు పనిచేసిన అక్కను కాపలావాళ్లతో గేటు దాటించారు, ఏం చేయాలి?

మాది భీమవరం దగ్గరి పల్లె. మా అక్క ఏడేళ్లుగా ఒక రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే విభాగంలో పనిచేస్తోంది. పోయిన మంగళవారం షిఫ్టు మధ్యలో ఆఫీసుకు పిలిచారు. అమెరికా సుంకాలతో ఆర్డర్లు తగ్గాయని, రేపటి నుంచి రావద్దని చెప్పి గుర్తింపు కార్డు తీసుకున్నారు. ఒక కాగితం మీద సంతకం చేయించారు. అందులో ఏముందో చదవనివ్వలేదు.

తర్వాత జరిగినదే నాకు మింగుడు పడటం లేదు. చెరో పక్కన ఒక కాపలావాడు నిలబడి, తోటి ఆడవాళ్లందరూ చూస్తుండగా హాలు మధ్య నుంచి గేటు దాకా నడిపించారు. క్యారేజీ, చెప్పులు లోపలే ఉండిపోయాయి. రబ్బరు బూట్లు విప్పించుకుని వట్టి కాళ్లతో పంపారు. దొంగతనం చేసిందేమోనని ఊళ్లో అడుగుతున్నారు. అక్క ఇల్లు కదలడం లేదు.

ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వారిని పనిలోంచి తీసేయాలంటే నెల ముందు నోటీసు లేదా నెల జీతం, పైగా పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం ఇవ్వాలని, అయిదేళ్లు దాటితే గ్రాట్యుటీ కూడా వస్తుందని చదివాను. రావలసిన జీతం రెండు పనిదినాల్లో చేతికి రావాలట. ఇంతవరకు రూపాయి రాలేదు.

ఆ సంతకం రాజీనామా కింద చెల్లుతుందా? కార్మిక శాఖకు ఫిర్యాదు ఎలా రాయాలి? తనపై ఏ ఆరోపణా లేదని యాజమాన్యం చేత రాయించుకోవచ్చా? ఇలాంటిది ఎదుర్కొన్నవారు దయచేసి చెప్పండి.