ఆరుగురం, ఐదు ఊళ్లు: పుస్తకాలు, సిరీస్‌లు, పాటలు కలిసి పంచుకోవడం ఎలా?

గంటస్తంభం (ప్రశ్న):
విజయనగరంలో కలిసి చదువుకున్న ఆరుగురం. ఇద్దరు ఊళ్లోనే ఉన్నారు. శ్రీకాకుళం, హైదరాబాదు, దుబాయ్, డల్లాస్‌లలో ఒక్కొక్కరు. వాట్సాప్ గ్రూపు పుట్టినరోజులకి తప్ప మోగదు. ఎవరో ఒక లింకు పడేస్తారు, కింద రెండు బొటనవేళ్లు, అయిపోయింది. ముగ్గురికి చదివే అలవాటుంది, ఒకరిది ఓటీటీ, ఇద్దరిది పాటల పిచ్చి. పెద్ద ఖర్చు లేకుండా ఇది నెలల తరబడి నడవాలంటే ఎలా మొదలెట్టాలి? అచ్చు పుస్తకాలు తిప్పుకోవడం కుదురుతుందా?

ఏడురోడ్ల కూడలి:
నవలతో మాత్రం మొదలెట్టకండి. 300 పేజీల నవల ఆరుగురిలో ఇద్దరు పూర్తి చేస్తారు, ఇద్దరు సగంలో ఉంటారు, మిగతా ఇద్దరు "ఇంకా తెరవలేదు" అనడానికి మొహమాటపడి గ్రూపు వైపే రారు. ఇలాంటి గ్రూపులు ఆగిపోయేది ఇక్కడే.

కథ పెట్టుకోండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయం ఉండగా మనకి కథలకి కరువేటండీ! వాళ్ల వెబ్‌సైటులో రచయిత పేరుతోనో కథ పేరుతోనో వెతకొచ్చు. చాలా కథలకి పాత పత్రికల పేజీల స్కాన్లే ఉంటాయి. ఫోనులో అక్షరం చిన్నదిగా కనిపిస్తే ఫోను అడ్డంగా తిప్పి చదవమనండి. మొదటి వారానికి గురజాడ ‘దిద్దుబాటు’ చాలు. 1910 నాటిది, టీ చల్లారేలోపు అయిపోతుంది. గురజాడ పోయింది 1915లో కాబట్టి కాపీరైటు తంటా లేదు, పేజీలు నేరుగా గ్రూపులోనే పెట్టొచ్చు. ఈ కాలపు రచయితల పుస్తకాల పీడీఎఫ్‌లు మాత్రం తిప్పకండి. కొనుక్కునే చోటు చెప్పండి, చాలు.

వారానికి ఒకరిదే వంతు. ఆ వారం పుస్తకమో, ఎపిసోడో, పాటో ఆ మనిషి ఒక్కటే ఇస్తారు. ఆరుగురు కాబట్టి ఒకరికి మళ్లీ వంతు వచ్చేది ఆరు వారాలకి, బరువనిపించదు. లింకుతో పాటు మూడు సంగతులు రాయాలి: ఎక్కడ దొరుకుతుంది, ఎంతసేపు పడుతుంది, ఎవరికోసం పంపుతున్నారు. మూడోదే ప్రాణం. "బాగుంది, చూడండి" అంటే ఎవరూ చూడరు. "రెండో ఎపిసోడ్ 14వ నిమిషంలో వంటింటి గొడవ ఉంది, మన మెస్సులో సాంబారు పంచాయితీ లాగే ఉంటుంది. అక్కడిదాకా చూడరా, నచ్చకపోతే ఆపెయ్" అని రాస్తే ఆ "రా" ఎవరికో వాళ్లు తప్పకుండా చూస్తారు.

వంతు సందేశాన్ని 7 రోజులకి పిన్ చెయ్యండి. గ్రూపులో డిసపియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి, ఉంటే మూడు నెలల్లో మీ జాబితా అంతా గాలికి పోతుంది. శాశ్వతంగా ఉండాలంటే గూగుల్ షీటు ఒకటి: తేదీ, పేరు, ఎవరిచ్చారు, ఒక్క వాక్యం అభిప్రాయం. నాలుగు గడులు చాలు. మార్కులు వేసే గడి పెట్టారో, తను ఇచ్చినదానికి 4/10 పడ్డవాడు మళ్లీ ఏదీ ఇవ్వడు.

నాగావళి ఒడ్డు:
అచ్చు పుస్తకాల సంగతి నేను చెప్తాను.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్న నలుగురూ తలా ఒక పుస్తకం తీసి, 21 రోజులకోసారి ఒకే దిశలో పక్కవారికి పంపండి. 84 రోజులకి నాలుగూ అందరి చేతుల్లో తిరిగి సొంతింటికి వచ్చేస్తాయి. దిశ మార్చకూడదు. "నీకు తీరికుంటే ముందు నువ్వు తీసుకో" అన్న రోజున లెక్క తప్పుతుంది, ఒకరి దగ్గర మూడు పేరుకుంటాయి. ఊళ్లో ఇద్దరికీ ఎలాగూ చేతికిచ్చుకోవడమే.

పోస్టాఫీసు కౌంటరులో "జ్ఞాన్ పోస్ట్" అని అడగండి. పుస్తకాలకని పెట్టిన ఈ పోస్టు సేవ 2025 మే 1న మొదలైంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, అక్కడినుంచి బరువునిబట్టి పెరిగి 5 కిలోలకి 100, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది, నేలదారిన వెళ్తుంది కాబట్టి తొందర పడకూడదు. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి. వారపత్రికలు, వ్యాపార ప్రచురణలు ఇందులో వెళ్లవు. మామూలు సైజు 200 పేజీల తెలుగు పుస్తకం ఇంచుమించు 230 గ్రాములు తూగుతుంది. అట్టలు, కాగితం కలిపితే 300 అంచుకి వస్తుంది. అందుకే మందపాటి డబ్బా వద్దు.

కట్టడం ఇలా: ముందు పాలిథిన్ కవరు, నోరు టేపుతో మూసేయాలి. కింద, పైన పుస్తకం కంటే అర అంగుళం పెద్ద అట్టముక్కలు. మూలలు నలిగేది అట్ట సరిగ్గా పుస్తకమంతే ఉన్నప్పుడే. ఆ పైన ఖాకీ కాగితం. పుస్తకం తడిగా అనిపిస్తే కవరులో మూయకముందు ఒక రోజు ఫ్యాను కింద ఉంచండి, లేకపోతే లోపలే బూజు పడుతుంది. మన తీరంలో అక్టోబరు, నవంబరు తుపాన్ల వేళ అసలు పంపకపోవడమే మేలు.

తొందరైతే ఆర్టీసీ కార్గో ఉంది. రసీదు ఫొటో అవతలివారికి వెంటనే పంపండి. డిపోలో వాళ్లే వెళ్లి తెచ్చుకుంటారు.

అన్నట్టు, పార్సిల్లో ప్రేమకొద్దీ మాడుగుల హల్వా పెట్టకండి. నెయ్యి కాగితానికి పట్టిందంటే ఇక పోదు. సీలు వేసిన పలాస జీడిపప్పు అయితే సరే, అదీ కార్గోలోనే, జ్ఞాన్ పోస్ట్ పుస్తకాలకే.

మార్జిన్లో రాసుకోవడానికి తలా ఒక రంగు పెన్సిలు. పెన్ను వద్దు, వెనక పేజీకి దిగుతుంది. దుబాయ్, డల్లాస్‌లకి పోస్టు ఖర్చు పుస్తకం ధర దాటేస్తుంది. సంక్రాంతికో, సిరిమానోత్సవానికో వచ్చి వెళ్లేవాళ్ల పెట్టెలో రెండేసి పెట్టడమే దారి.

బొంకులదిబ్బ:
సిరీస్ కలిసి చూడాలంటే వీడియో కాల్లో స్క్రీన్ షేర్ పనికిరాదు. ఓటీటీ యాప్‌లలో కాపీ రక్షణ ఉంటుంది, అవతల నల్ల తెరే కనిపిస్తుంది. కంప్యూటరున్నవాళ్లకి టెలిపార్టీ ఎక్స్‌టెన్షన్ ఉంది, బ్రౌజరులో పెట్టుకుంటే అందరికీ ఒకేసారి ఆడుతుంది, ఎవరి చందా వారికి ఉండాలి. ఫోన్లూ టీవీలూ కలిసిన గుంపుకి పాత పద్ధతే నయం: అందరూ 00:00 దగ్గర ఆపి పెట్టుకుని, ఆడియో కాల్లో ఒకరు "మూడు, రెండు, ఒకటి" అనగానే నొక్కడం. స్కిప్ ఇంట్రో అందరూ నొక్కాలి, లేదా ఎవరూ నొక్కకూడదు. తేడా వచ్చేది ఎక్కువగా అక్కడే. ప్రకటనల చందా ఉన్నవారికి మధ్యలో ఆగుతుంది కాబట్టి 20వ నిమిషంలో ఒకసారి సమయం సరిచూసుకోండి. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి, లేకపోతే ఒకరి టీవీ డైలాగు మిగతా అందరికీ రెండోసారి వినిపిస్తుంది.

శనివారం రాత్రి 8:30 పెట్టుకోండి. దుబాయ్‌లో 7:00, డల్లాస్‌లో ఉదయం 10:00. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా డల్లాస్ ఆయనకి 9:00 అవుతుంది, ముందే చెప్పండి. ఒకే సిరీస్ మూడు దేశాల్లోనూ ఉండకపోవచ్చు. వంతు మనిషి బుధవారానికే పేరు చెప్తే ఎవరికి దొరుకుతుందో తేలిపోతుంది.

కోటవీధి:
పాటలకి: అందరికీ స్పాటిఫై ఉంటే బ్లెండ్ పెట్టుకోండి, పది మంది వరకు కుదురుతుంది. కానీ అది మీరు వినేవన్నీ కలిపేస్తుంది, ఎంచి ఇచ్చిన పాట కాదు. పిల్లల ఫోను అయితే చిట్టి గీతాలే వస్తాయి. నా ఓటు యూట్యూబ్ ప్లేలిస్టుకి. అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవారికే కనిపించేలా) చేసి, సెట్టింగుల్లో కొలాబరేటర్లకి, అంటే పాటలు చేర్చేవాళ్లకి, అనుమతిచ్చి లింకు పంపండి. ఆరుగురూ చేరాక కొత్తవారిని చేర్చుకునే మీట ఆపేయండి. పాట ఆడియో కంపెనీ సొంత ఛానెల్లోంచే ఎంచండి. ఎవరో ఎక్కించిన కాపీలు ఆర్నెల్లలో మాయమై జాబితా బోసిపోతుంది.

వారానికి మనిషికి రెండు పాటలే. ఇరవై వేసేవాడి వల్ల ఎవరూ వినరు.

శాస్త్రీయ సంగీతం అలవాటు లేనివాళ్లకి ముప్పావు గంట రాగాలాపన పంపకండి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పాత గ్రామఫోన్ రికార్డులు వెతకండి. 78 ఆర్‌పీఎం పది అంగుళాల రికార్డు ఒక వైపు పట్టేదే మూడు నిమిషాలు, ఒక సినిమా పాటంత. పైగా మన విజయనగరం సంగీత కళాశాల మాస్టారు, ఆ వంకనైనా వింటారు.

గంటస్తంభం:
అందరికీ థాంక్సండీ. దిద్దుబాటుతోనే మొదలెడతాం. ఒకటే సందేహం: పాటల వాళ్లిద్దరూ "చదవడం మా వల్ల కాదు" అంటున్నారు.

ఏడురోడ్ల కూడలి:
చదివి వినిపించండి. అచ్చు పేజీ గొంతెత్తి చదవడానికి రెండు నిమిషాలు, పది పేజీల కథ ఇరవై. ఒకే ముక్కగా కాకుండా నాలుగైదు వాయిస్ మెసేజ్‌లుగా, ముందు "1/5" అని చెప్పి మొదలెట్టండి. మధ్యలో ఫోనొస్తే రికార్డింగ్ పోయినా పోయేది ఒక ముక్కే. ఫ్యాను ఆపి చదవండి, మైకులో అదే ఎక్కువ మోగుతుంది.