మార్కుల్ని బట్టి టీచర్లకు ఇంక్రిమెంట్: లెక్క ఎలా కట్టాలి?

ప్రశ్న (కరస్పాండెంట్, జనగామ వైపు చిన్న ప్రైవేటు స్కూలు): నమస్తే. మాది ఏడో తరగతి దాకా ఉన్న స్కూలు. ఈసారి ఇంక్రిమెంట్ అందరికీ ఒకేలా కాకుండా యాన్యువల్ పరీక్షల సగటు చూసి వేద్దామని మీటింగ్‌లో అన్నాను. అప్పట్నించి స్టాఫ్‌రూమ్‌లో ఒకటే గుసగుసలు. నాలుగో తరగతి మేడమ్ అయితే ‘సార్, నాకు సెక్షన్ మార్చండి’ అని అడిగేసింది. ఎలా చేస్తే గొడవ ఉండదు?

రిటైర్డ్ ఎంఈఓ (మండల విద్యాధికారి): ఆ మేడమ్ అడిగినదాంట్లో తప్పేం లేదు సార్. చివరి మార్కులే చూస్తే మంచి సెక్షన్ దొరికినవాళ్లదే పంట. జూన్‌లో పిల్లలు ఎక్కడున్నారు, మార్చికి ఎక్కడికొచ్చారు అన్నది చూడాలి.

ఇది మన దగ్గరే చేసి చూశారు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 5 జిల్లాల పల్లెటూరి సర్కారు ప్రాథమిక బడుల్లో. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాని మీద పరిశోధన పత్రం రాశారు. 100 బడుల్లో టీచరుకు విడిగా బోనస్, 100 బడుల్లో బడి మొత్తానికి కలిపి. పోల్చుకోడానికి ఇంకో 100 బడులకు ఏమీ ఇవ్వలేదు. మొదట పెట్టిన లెక్క ఇది: సగటు మార్కులు 5 శాతం దాటి పెరిగితే, పైన పెరిగిన ప్రతి శాతానికీ 500 రూపాయలు. అంటే 32 నుంచి 44కి వస్తే పెరిగింది 12, అందులో 5 తీసేస్తే 7, చేతికి 3,500. జీతం జోలికి పోలేదు, ఇది పైన ఇచ్చిందే. సగటున ఏడాది జీతంలో 3 శాతం దాకా వచ్చింది.

హైస్కూల్ మ్యాథ్స్ టీచర్: ఫలితం ఏమొచ్చింది సార్? బట్టీ పట్టించి ఉంటారు!

రిటైర్డ్ ఎంఈఓ: అందరికీ అదే అనుమానం. కానీ రెండేళ్లకు లెక్కల్లో, తెలుగులో మాత్రమే కాదు, బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లో కూడా ఆ పిల్లలు ముందున్నారు. తిప్పి అడిగిన ప్రశ్నలూ బాగానే చేశారు. చిత్రమేంటంటే టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు! వచ్చిన రోజుల్లోనే హోంవర్కు, ప్రాక్టీసు టెస్టులు, అదనపు క్లాసులు పెంచామని వాళ్లే చెప్పారు. అయితే పరీక్ష పెట్టిందీ దిద్దిందీ బయటివాళ్లు, అది మర్చిపోవద్దు. మీ టీచరే పేపర్ దిద్దితే 52లోంచి 27 తీసేసి 35 అని తప్పు రాసిన పిల్లవాడికి కూడా మార్కు పడుతుంది.

తెలుగు పండిట్: మా ఊళ్లో పత్తి తీసే రోజుల్లో సగం మంది పిల్లలు బడికి రారండీ. దానికి కూడా నేనే బాధ్యుణ్నా? హాజరు లేనివాళ్లను లెక్కలోంచి తీసేయాలి.

రిటైర్డ్ ఎంఈఓ: మీ బాధ న్యాయమైనదే పండితులుగారూ, కానీ తీసేస్తే ఇంకో చిక్కు. వెనకబడ్డ పిల్లల్ని ‘రేపు పరీక్షకు రాకురా’ అనే టీచర్లు తయారవుతారు. అందుకే ఆ ప్రయోగంలో జూన్‌లో రాసి చివర రానివాళ్ల వల్ల టీచరుకు లాభం రాకుండా కట్టడి పెట్టారు. పత్తి సంగతి అన్ని సెక్షన్లకూ ఒకటే కదా, సెక్షన్‌ను సెక్షన్‌తో పోల్చుకోండి.

కరస్పాండెంట్: స్కూలు మొత్తానికి కలిపి ఇస్తే గొడవే ఉండదు కదా సార్?

రిటైర్డ్ ఎంఈఓ: ఆ ప్రయోగం చేసిన బడుల్లో ఉన్నది కొద్దిమంది టీచర్లే. అక్కడే రెండో ఏడాదికి విడిగా ఇచ్చిన బడులు ముందుకెళ్లాయి. న్యూయార్క్‌లో పెద్ద బడులకు 2007 నుంచి కలిపి బోనస్ ఇచ్చి చూసి, లాభం కనపడక మానేశారు. మీరు మామూలు ఇంక్రిమెంట్ అందరికీ వేసేయండి, అది వాళ్ల ఇంటి అద్దె, పిల్లల ఫీజు. బోనస్ దాని మీద, ఒకటి నుంచి ఐదు దాకా లెక్కలు, తెలుగుకే. ఎల్‌కేజీ, యూకేజీ మేడమ్‌లను ఇందులోకి లాగొద్దు.

కరస్పాండెంట్: పక్క మండలం స్కూలాయన పేపర్లు మార్చుకుందామన్నారు. వాళ్లవి మావాళ్లు, మావి వాళ్లు దిద్దుతారు. ముందు జూన్ టెస్టు పెట్టేస్తాం సార్, రూల్ కూడా అప్పుడే నోటీసు బోర్డు మీద పెడతాం.

మ్యాథ్స్ టీచర్: పేపర్ల మీద పిల్లల పేర్లు, స్కూలు పేరు లేకుండా నంబర్లు వేసి పంపండన్నా.