పెళ్లి డీవీడీలు దాచాలా, కాపీ చేసి పారేయాలా?

నల్లగొండ తమ్ముడు:
మా అక్క పెళ్లి 2006లో. రెండు డీవీడీలు, స్లాబు కింద అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి. మొన్న పెట్టి చూస్తే రెండోది తలంబ్రాల దగ్గర ఆగిపోయింది. ఒక్క గీత కూడా లేదు! వందేళ్లు ఉంటాయన్నారు కదా?

పాలమూరు పాటల పెట్టె:
డిస్క్‌నే నమ్ము తమ్మీ. నేను 1990లలో కొన్న పాటల సీడీలు ఇప్పటికీ ఆడుతున్నాయి. హార్డ్ డిస్క్ ఒక్కసారి చెయ్యి జారితే అంతే.

పాత వీడియోగ్రాఫర్:
అన్నా, అదీ ఇదీ ఒకటి కాదు. కొన్న పాటల సీడీలో గుంటలు ప్లాస్టిక్‌లోనే అచ్చుపడి ఉంటాయి. మేం రైట్ చేసి ఇచ్చినదాంట్లో లేజర్ ఒక రంగు పొరను కాల్చి రాస్తుంది. ఎండలో చీర వెలిసినట్టు ఆ రంగూ వేడికి, వెలుతురుకి పాడవుతుంది. (వందేళ్లని చెప్పి అమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను, ఏం దాచను.) డిస్క్ మధ్య నుంచి అంచుకు నిండుతుంది, ఎక్కువగా ముందు చెడేది అంచే. అందుకే పెళ్లి మొదలు బాగుండి చివర ఆగింది. పైన జంట ఫొటో స్టిక్కర్ ఉందా? అదీ చేటే.

డిస్క్‌లు దాచడానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో చెప్పింది 4 నుంచి 20 డిగ్రీలు, తేమ 20 నుంచి 50 శాతం. మన దగ్గర రోహిణి కార్తెలో స్లాబు కింద అటకంటే ఇడ్లీ పాత్రే.

నల్లగొండ తమ్ముడు:
స్టిక్కర్ ఉంది. ఫ్రిజ్‌లో పెట్టనా?

పాత వీడియోగ్రాఫర్:
వద్దు, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. కింది గదిలో, పడమటి గోడకు దూరంగా, డబ్బాలో నిలువుగా పెట్టు. ముందు వేరే డ్రైవ్‌లో వేసి చూడు. ఒకటి చదవనిది ఇంకోటి చదువుతుంది. తుడిస్తే మధ్య నుంచి అంచుకు నేరుగా, గుండ్రంగా కాదు.

పాలమూరు పాటల పెట్టె:
వెయ్యేళ్లు ఉంటాయని చెప్పే ఎం-డిస్క్‌లు ఉన్నాయి కదా, వాటిలో రాసుకోవచ్చు.

పాత వీడియోగ్రాఫర్:
వెయ్యేళ్ల సంగతి తర్వాత, కొత్త ల్యాప్‌టాప్‌లో డ్రైవే లేదే! రెండు హార్డ్ డిస్క్‌లలో కాపీ చేసి, రెండు ఇళ్లలో పెట్టు. డీవీడీ మాత్రం పారేయొద్దు.

పాలమూరు పాటల పెట్టె:
డ్రైవ్ కూడా ఒకటి కొని దాచుకుంటా. నేను ఒప్పుకోను.

నల్లగొండ తమ్ముడు:
దోస్తు పాత కంప్యూటర్‌లో వేస్తే తలంబ్రాలు వచ్చాయి, కాపీ చేశాను. అప్పగింతలు రాలేదు. అక్క ఏడ్చిందా లేదా అన్న పంచాయితీ ఇక మా బావ గెలవలేడు.