ఎలివేషన్ త్రీడీలో కరెంటు స్తంభం ఉంచాలా, తీసెయ్యాలా?

కోనసీమ త్రీడీ
అమలాపురం దగ్గర ఇళ్లకి ఎలివేషన్లు, అంటే కట్టబోయే ఇల్లు ముందు నుంచి ఎలా కనబడుతుందో చూపించే త్రీడీ బొమ్మలు, చేస్తుంటానండి. మోడల్ స్కెచ్‌అప్ సాఫ్ట్‌వేర్‌లో, దాన్ని ఫొటోలా మార్చే రెండర్ ఎన్‌స్కేప్‌లో. మొన్న ఒక పార్టీకి ఉత్తరం ఫేసింగ్ జీ ప్లస్ వన్ బొమ్మ ఇచ్చాను. సైటు ఫొటోలు దగ్గర పెట్టుకుని ముందున్న స్తంభం, తీగలు, పక్కింటి చెమ్మ పట్టిన గోడ అన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. ఆయన చూసి, "స్తంభానికి కూడా డిజైన్ చేశారేంటండీ" అని వేరేచోట చేయించిన బొమ్మ ఫోన్లో చూపించారు. అందులో ఇల్లొక్కటే ఉంది. చుట్టూ పచ్చిక, వెనకాల కొండలు. కోనసీమలో కొండలు! పని మాత్రం వాళ్లకే వెళ్లింది.

రియలిస్టిక్ అంటే గోడ మీద టెక్స్చర్ బాగా రావడమేనా, ఆ స్థలం కూడా నిజంగా కనబడాలా? మీరేం చేస్తున్నారో చెప్పండి.

పాలకొల్లు ప్లాన్లు
కొండలు పెట్టడం దారుణమే. కానీ స్తంభం తీసెయ్యడం మోసం ఎలా అవుద్దండీ? కొలతలకి వర్కింగ్ డ్రాయింగులు ఉన్నాయి, మేస్త్రీ వాటిని చూసే కడతాడు. బొమ్మ ఇంటాయన కోసం. లోను తెచ్చి, పొలం అమ్మి కట్టుకుంటున్న మనిషికి ఇల్లు ఎలా వస్తుందో కాస్త ముచ్చటగా చూపిస్తే తప్పేముంది? పక్కింటి గోడ మీద చెమ్మ చూపించడానికి ఆయన నాకు డబ్బులివ్వట్లేదు.

సైటు మేస్త్రి
ఆయ్, మేస్త్రీలు డ్రాయింగు చూసే కడతారని మీరంటున్నారు గానీ గురూగారూ, సైట్లో ఇంటాయన చేతిలో ఉండేది ఫోన్లో బొమ్మే. "ఇలాగే రావాలి" అంటారు. డ్రాయింగు షీటు సిమెంటు బస్తాల మీద పడి ఉంటది.

ఒకచోట బొమ్మలో బాల్కనీ రోడ్డు మీదకి నాలుగడుగులు వచ్చింది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ముందు 11 కేవీ (11 వేల వోల్టుల) లైను పోతోంది. బొమ్మలో లైను లేదు కాబట్టి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ తీగకీ కట్టడానికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు ఉండాలి, తీగ పైనుంచి పోతే నిలువుగా 3.7 మీటర్లు. సెంట్రింగ్ కొట్టేటప్పుడు తెలిసింది. బాల్కనీ కుదించాం, దాంతో ఎలివేషన్ మొత్తం పోయింది. స్తంభం ఉంటే బొమ్మ అందం పోతుందనుకుంటే పోనివ్వండి, తీగ మాత్రం ఉండాలి.

గౌతమీ గట్టు
మీరంతా స్తంభం దగ్గరే ఆగిపోయారు. నాకైతే అసలు గొడవ ఎండ దగ్గర. స్కెచ్‌అప్‌లో లొకేషన్ మార్చకుండా వదిలేస్తే అది వాడేది అమెరికాలో బౌల్డర్ సూర్యుణ్ణి. అది దాదాపు 40 డిగ్రీల అక్షాంశం, మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు. మనది 16న్నర. మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి సరిగ్గా నడినెత్తి మీదకొస్తాడు, ఆ మధ్య నెలల్లో మధ్యాహ్నం కాస్త ఉత్తరానికే ఉంటాడు. డిసెంబరు ఆఖర్లో మధ్యాహ్నం కూడా దక్షిణాన దాదాపు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు.

ఇప్పుడు మీ ఉత్తరం ఫేసింగ్ ఇల్లు తీసుకోండి. సంక్రాంతికి గృహప్రవేశం అనుకుంటే ఆ రోజుల్లో ముందు గోడ మీద నేరుగా ఎండ పడే గడియే లేదు. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా అయితే పొద్దునా సాయంత్రం ఏటవాలుగా పడుతుంది, అందులో సగం రోజులు మబ్బే. మనవాళ్లు మాత్రం ప్రతి ఉత్తరం ఇంటికీ మొహం నిండా బంగారు రంగు ఎండ పోసి ఇస్తారు. జాలీ (చిల్లుల తెర) నీడ గోడ మీద పూలు పూసినట్టు పడుతుంది. ఇంటాయన ఆ నీడ చూసే జాలీకి డబ్బులు పెడతాడు. కట్టాక ఆ నీడ రాదు. స్తంభం తీసేస్తే కంటికి కనబడే వస్తువు ఒకటి పోతుంది, అంతే. దొంగ ఎండ పెడితే ఇల్లే మారిపోతుంది.

రెండోది మెరక, అంటే రోడ్డు కంటే ఇల్లు ఎంత ఎత్తులో ఉందన్నది. డెల్టాలో రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది కాబట్టి జాగ్రత్తపరులు పునాది మూడడుగులు లేపుతారు. బొమ్మలో చూడండి, గేటు నుంచి కారు నున్నగా పోర్టికోలోకి వెళ్లిపోతుంది. మూడడుగుల ఎత్తుకి ఆరుకి ఒకటి వాలు ఇచ్చినా 18 అడుగుల ర్యాంపు కావాలి. గేటుకీ పోర్టికోకీ మధ్య ఎనిమిది అడుగులుంటే బండి ఎగరాల్సిందే. అందుకే నేను రోడ్డు నుంచి పోర్టికో దాకా నేల గీత కలవకుండా రెండర్ మొదలుపెట్టను.

పాలకొల్లు ప్లాన్లు
ఎండ సంగతి ఒప్పుకుంటున్నాను, లొకేషన్ పెట్టడం రెండు నిమిషాల పని. మెరక కూడా సరే. మరి పక్కింటి చెమ్మ గోడ దేనికి, అది చెప్పండి ముందు.

భీమవరం ఇల్లాలు
మీరంతా గీసేవాళ్లు, నేను గీయించుకున్నదాన్ని. పక్కింటివాళ్ల గోడ నాకూ అక్కర్లేదు, రోజూ చూస్తూనే ఉంటాను. నాకు చెప్పాల్సింది మా గోడ గురించి. బొమ్మలో తెల్లగా డబ్బాల్లాంటి ఎలివేషన్ ఇచ్చారు, ఎంతో నచ్చింది. రెండు వానాకాలాలు పోయేసరికి పిట్టగోడ పైనుంచి నల్లటి చారలు దిగాయి. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి చారా పిట్టగోడ పైభాగంలో వాలు బయటికున్న చోటే మొదలైంది. వాలు డాబా లోపలికి ఇచ్చి, సజ్జా అంచు అడుగున గాడి తీసి ఉంటే నీళ్లు అక్కడే జారిపోయేవని పెయింటర్ చెప్పాడు. మూడేళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఒక బొమ్మ ఇవ్వగలరా మీరు? ఇస్తే దానికి వేరే డబ్బులు ఇచ్చేదాన్నే.

కోనసీమ త్రీడీ
చారలు వేయడం కష్టం కాదండీ మేడమ్. పాచి, మరకల్ని కావాల్సిన చోట మాత్రమే కనబడేలా చేసే టెక్స్చర్ మాస్కులతో వస్తాయి. ఎక్కడ వేయాలన్నదే అసలు పని. నీళ్ల దారి తెలియకుండా ఊరికే మురికి అద్దితే అదీ అబద్ధమే.

కడియం మొక్క
నా బాధ చెట్ల గురించి. కడియం నర్సరీల పక్కన కూర్చుని కూడా సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఉన్న విదేశీ మేపుల్ చెట్టు పెడుతున్నారు. జీ ప్లస్ వన్ ఇల్లు పాతిక అడుగులు ఉంటుంది. బాగా ఎదిగిన దేశవాళీ కొబ్బరి చెట్టు దానికి రెండింతలు పైన ఉంటుంది. బొమ్మల్లో మాత్రం డాబా అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడే ఇల్లు భారీగా కనబడేది.

గౌతమీ గట్టు
కెమెరా కూడా అంతే. ఇరవై అడుగుల రోడ్డుకి ఎదురింటి హాల్లో నిలబడి తీసినట్టు దూరం పెడతారు. లేదా 16 మిల్లీమీటర్ల వైడ్ లెన్సు పెట్టి ముప్పై అడుగుల ఇంటిని కల్యాణ మండపం చేస్తారు. రోడ్డు మీద, కంటి ఎత్తులో, అయిదున్నర అడుగుల దగ్గర పెట్టి చూడండి. తెల్ల రంగుని కూడా పూర్తి తెలుపు చేయకండి, 80 శాతం దగ్గర ఆపండి. గోడ మూలలకి రవ్వంత గుండ్రం ఇవ్వండి, లేకపోతే అట్టపెట్టెలా ఉంటుంది.

సైటు మేస్త్రి
ఈమధ్య ఏఐ బొమ్మలు తెస్తున్నారు. నిన్న ఒకాయన తెచ్చినదాంట్లో మెట్లు ఎక్కితే గోడే ఉంది. తలుపు ఎక్కడ పెట్టమంటారండీ అంటే, మీరే చూసుకోండి అన్నారు.

కోనసీమ త్రీడీ
సరే, నేను రెండు బొమ్మలు ఇద్దామనుకుంటున్నా. ఒకటి గృహప్రవేశం నాటి ఎండలో, సరైన మెరకతో, తీగతో సహా. స్తంభం మాత్రం ఫ్రేము పక్కకి జరుపుతా. రెండోది వానాకాలంలో మబ్బు వెలుతురులో, చారలు ఎక్కడ వచ్చే అవకాశం ఉందో అక్కడ వేసి.

పాలకొల్లు ప్లాన్లు
రెండో దానికి బిల్లు ఎంత వేస్తారు? భీమవరం మేడమ్ గారు ఇస్తారు, మా ఊళ్లో ఎవరిస్తారండీ?